గోడలో దారం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. లైల్ కాపురంలో చచ్చినవాడి చేతులు కూడా బారెడయ్యాయి.

మార్లిస్‌ని పెళ్ళాడి ఆమె ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ఆ ఇంట్లో లైల్ ఎక్కే ప్రతి మెట్టూ, తెరిచే ప్రతి అలమరా, ఒళ్ళు నొప్పులకి వెళ్ళి కూర్చునే ఆవిరిగదీ అన్నీ ఆమె మొదటి మొగుడు రేనో చేతి పనే. రేనో అమెరికాలోని ఆ డులూత్ ఊళ్ళో పేరున్న వడ్రంగి. అతను పోయి ఆరేళ్ళయినా ఇంట్లో ఒక్క తలుపు కిర్రుమనదు. ఒక్కటంటే ఒక్కటి కిర్రుమన్నా లైల్ ప్రాణం హాయిగా ఉండేది.

లైల్ రిటైరైన భూగోళం మాస్టారు. నిద్రలో లేపి అడిగినా మంగోలియా రాజధాని పేరు చెబుతాడు. మేకు మాత్రం కొట్టలేడు. ఈ ఇంట్లో మొదటి క్రిస్మస్‌కి తన తల్లి ఫోటోని తనే గోడకి తగిలించాడు. అందరూ భోజనాలకి కూర్చున్న వేళకి అది ఊడి బంగాళాదుంపల ముద్దలో పడింది. మార్లిస్ నవ్వుతూ "రేనో అయితే..." అని మొదలుపెట్టి, లైల్ మొహం చూసి ఆపేసింది. ఆనాటి నుంచి ఆ పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా లైల్ చెవిలో అది మోగుతూనే ఉంది.

అందుకే లైల్ టీవీ కొన్నాడు. అరవై అయిదు అంగుళాలది. ముందుగదిలో ఒక్క గోడ మాత్రం బోసిగా ఉంది, రేనో కట్టి, దాని మీద ఏమీ బిగించకుండా వదిలేసిన గోడ. ఇంట్లో తనదంటూ ఒక్కటి ఆ గోడ మీద ఉండాలి. అది చూసి మార్లిస్ తన వైపు మెచ్చుకోలుగా ఒక్క చూపు చూడాలి. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు. వారం రోజులు ఆ పెట్టెని గరాజ్‌లో దుప్పటి కింద దాచాడు. ఆదివారం మార్లిస్ చర్చి భోజనాలకి బయల్దేరగానే, టీవీలు గోడకి బిగించే మనిషిని పిలిపించాడు.

వచ్చినవాడి పేరు ట్రెవర్. గడ్డం గుబురు, మాట గలగల. బూట్లు గుమ్మంలోనే విప్పి, సాక్సులతో లోపలికొచ్చాడు. గోడ లోపల చెక్క ఎక్కడుందో కనిపెట్టే చిన్న పరికరాన్ని అటూ ఇటూ జరిపాడు. అది పదహారు అంగుళాలకోసారి కూత పెట్టింది. టేపుతో కొలిచాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు.

"సార్, పదిహేనేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. లోపల చట్రం ఇంత నిఖార్సుగా ఉన్న గోడ నేను చూళ్ళేదు. వెంట్రుకవాసి తేడా లేదు! ఎవరు కట్టారండీ?"

లైల్ కడుపు భగ్గుమంది. డబ్బిచ్చి పిలిపించుకున్నవాడు కూడా రేనోనే పొగుడుతున్నాడు! ఆ మంటలో నోరు జారింది.

"నేనే."

"మీరే!" ట్రెవర్ ఆ చేతుల వంక చూశాడు. జన్మంతా సుద్దముక్క తప్ప ఇంకోటి పట్టని చేతులు. అయినా మనిషి మర్యాదస్తుడు. "మా నాన్న చూసుంటే మీకు బీరు పోయించేవాడు సార్."

అబద్ధమాడానని లైల్‌కి ఏమీ అనిపించలేదు. మూడేళ్ళుగా రేనో ఒక్కడే తింటున్న పొగడ్తలో ఒక ముద్ద తన నోట్లో పడింది. రుచిగానే ఉంది.

ట్రెవర్ తీగల కోసం గోడకి చిన్న కన్నం కోశాడు. టార్చి వేసి లోపలికి తొంగిచూసి ఈల వేశాడు.

"మీరు నాతో ఆటాడుతున్నారు సార్! సరిగ్గా టీవీ బిగించే చోట ఇంత మందాన అడ్డపలక వేసి ఉంచారు. ఏనుగుని వేలాడదీసినా ఆగుతుంది. తీగ దింపడానికి పైపు కూడా ఉంది. తీగ కట్టి లాగడానికి పైపులో దారం కూడా వదిలారు! ముందే చెప్పొచ్చుగా?"

లైల్ వెళ్ళి కన్నంలోకి చూశాడు. నిజమే. బోసిగోడ అనుకున్న ఆ ఒక్కటీ కూడా వాడిదే. ఇక్కడ కూడా తనకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. సుత్తి తీసుకుని గోడ మొత్తం పగలగొట్టాలనిపించింది. అదీ తనకి చేతకాదు.

"పైపు కింది కొస ఎక్కడ తేలుతుంది సార్?"

లైల్ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. "కిందే... ఎక్కడో. చాలా ఏళ్ళయింది కదా."

"కాస్త గుర్తు తెచ్చుకోండి. లేకపోతే ఇంత మంచి గోడకి ఇంకో నాలుగు కన్నాలు పొడవాలి."

లైల్ సోఫా వెనక వెతికాడు. కిటికీ కింద వెతికాడు. మోకాళ్ళ మీద పాకుతూ గోడ అంచంతా తడుముతుంటే వాకిట్లో కారు ఆగింది. మార్లిస్ ఖాళీ గిన్నెని చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. టీవీనీ, గోడకున్న కన్నాన్నీ, నేల మీదున్న మొగుణ్ణీ వరసగా చూసింది.

"అదృష్టవంతులమ్మా మీరు," అన్నాడు ట్రెవర్. "ఈ గోడ తనే కట్టానని చెప్పారు మీ ఆయన. ఇలాంటి పనిమంతుడు లక్షకొకడుంటాడు. పైపు కింది కొస ఎక్కడ పెట్టారో మాత్రం మర్చిపోయారు."

మార్లిస్ లైల్ వంక చూసింది. లైల్ తివాచీ వంక చూశాడు.

"అవును బాబూ, అలాంటి పనిమంతుడు మళ్ళీ దొరకడు," అంది మార్లిస్. ఆ గోడ మూలనున్న పుస్తకాల అలమర కింది సొరుగు లాగి పక్కన పెట్టింది. "ఇదిగో, ఈ మూత వెనకుంది."

ఆమె లైల్ పరువు కాపాడింది. కానీ ఆ మెచ్చుకోలు తిన్నగా వెళ్ళి చేరవలసినవాడికే చేరింది. లైల్ దాన్ని మింగలేకపోయాడు.

"నేను కాదు," అన్నాడు లేచి నిలబడి. "రేనో అని, ఈవిడ మొదటి భర్త. ఈ గోడా, ఆ అలమరా, నువ్వు నిలబడ్డ నేలా అన్నీ ఆయనవే. నేను ఈ ఇంట్లో ఒకే ఒక్క ఫోటో తగిలించాను. అది బంగాళాదుంపల్లో పడింది."

ట్రెవర్ గడ్డంలోనే నవ్వుకుని, తీగ తెస్తానంటూ బండి దగ్గరికి వెళ్ళాడు.

"ఇది నీకు తెలుసా?" అడిగాడు లైల్.

"నా కళ్ళముందే చేశాడు. ఒంట్లో బాగాలేని ఆఖరి ఏడు. నీకెందుకయ్యా ఈ ఓపిక అన్నాను. 'నువ్వు ఒంటరిగా ఉండే రకం కాదు మార్లిస్. నా తర్వాత ఎవడో ఒకడొస్తాడు. టీవీ తెస్తాడు. వాడికి సుత్తి పట్టుకోవడం వచ్చో రాదో పాపం' అన్నాడు."

"పాపమా?"

"పాపమనే అన్నాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?"

"చెప్పనిచ్చావా? ఆయన పేరెత్తితే నీ మొహం మాడిన అట్టయిపోతుంది."

లైల్ సోఫాలో కూలబడ్డాడు. మూడేళ్ళుగా ఎవరి మీద తను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడో ఆ మనిషి, తన మొహమైనా ఎరగకుండానే, తన కోసం దారం వదిలి పోయాడు. అదే తనైతే, వెనకొచ్చేవాడి కోసం చచ్చినా వేలు కదపడు. ఆ సంగతి లైల్‌కి బాగా తెలుసు. అదే ఎక్కువ కాల్చింది.

ట్రెవర్ తిరిగొచ్చి పాత దారానికి తీగనీ, దాంతోపాటు కొత్త దారం ఒకటీ కట్టాడు. "కింద నుంచి లాగండి సార్." లైల్ లాగాడు. ఎక్కడా పట్టెయ్యకుండా జర్రున జారి వచ్చేశాయి.

"కొత్త దారమెందుకు?"

"మా పనిలో పద్ధతండీ. పాతది లాగేసినవాడు కొత్తది వదిలి వెళ్ళాలి. తర్వాత వచ్చేవాడికి."

"తర్వాత ఎవడూ రాడు," అన్నాడు లైల్, కాస్త గట్టిగానే.

మార్లిస్ పకపకా నవ్వింది. "నీకు అరవై తొమ్మిది. నాకు అరవై నాలుగే. ఏం చెప్పగలం!"

వాడెవడో లైల్ కళ్ళకి కట్టాడు. పొడుగ్గా ఉంటాడు. సొంత పడవ ఉంటుంది. వాడు తెచ్చే టీవీ గోడంత ఉంటుంది.

"ఈ కొస నేనే కడతాను," అన్నాడు ట్రెవర్‌తో.

అలమర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పైపు పక్కన రేనో కొట్టిన మేకుకి దారం చుట్టి ముడి వేశాడు. మార్లిస్ తన వైపే చూస్తోందని, మూడేళ్ళుగా తను కోరుకున్న చూపే చూస్తోందని అతను గమనించనే లేదు. ముడి మీద ఇంకో ముడి వేశాడు. దాని మీద ఇంకోటి. "చాలు సార్, చాలు!" అని ట్రెవర్ అంటున్నా ఆగలేదు. వచ్చేవాడెవడో, పళ్ళతో విప్పుకోవాలి.