కండది తప్పు కాదు

గురజాల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు హనుమంతరావుకి ఆ ఏడు ఎడం చెయ్యి మొండికేసింది. చొక్కా గుండీలు పెట్టుకోటానికే చానాసేపు పట్టేది. కుర్రతనంలో కబడ్డీ ఆడేటప్పుడు ఆ భుజం జారింది, ఇదంతా దాని తాలూకే అనుకున్నాడు. రోజూ పొద్దున్నే గ్రౌండులో నిలబడి రబ్బరు బంతి పిసికేవాడు. మొదట వందసార్లు, తర్వాత రెండొందలు. చెయ్యి ఇంకా సన్నబడింది.

కూతురు తేజస్వి గుంటూరులో ఫిజియోథెరపీ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకి ఇంటికొచ్చింది. సెలవులు కాగానే ప్రాక్టికల్స్. నరాలూ కండరాలూ ఎట్లా పరీక్ష చేయాలో మనిషి మీద చేసి చూపించాలి.

"నాన్నా, కాసేపు మంచం మీద పడుకోవా? నువ్వే నా పేషెంటువి," అంది.

"పడుకుంటే నాకేమన్నా మార్కులేస్తావా?" అంటూ చొక్కా తీసి పడుకున్నాడు.

మోకాలి కింద పరీక్షకి వాడే రబ్బరు సుత్తితో చిన్నగా కొట్టింది. కాలు ఎగిరి మంచం పట్టెకి తగిలింది. తేజస్వి నవ్వింది. చెయ్యి మీద కొట్టింది. సన్నబడిన ఆ చెయ్యి కూడా అంతే ఎగిరింది. ఆమె నవ్వు ఆగిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లోపలికి గుంటపడి ఉంది. భుజం మీద చర్మం కింద ఏదో సన్నగా అదురుతోంది, పురుగు పాకినట్టు. ఒకచోట ఆగితే ఇంకోచోట.

"ఇది ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"అదా? వేసవి నుంచి. ఎక్సర్‌సైజు చేస్తున్నా గదా, కండ కదులుతోంది."

తేజస్వి సుత్తి పక్కన పెట్టి స్నానాల గదిలోకి పోయి గడియ వేసుకుంది. మెదడు నుంచి వెన్నులోకి ఒక నరం దిగుతుంది. వెన్ను నుంచి కండకి ఇంకో నరం పోతుంది. మొదటిది చెడితే కాళ్ళూ చేతులూ ఇట్లా ఎగిరిపడతాయి. రెండోది చెడితే కండ కరిగిపోతుంది, అదురుతుంది. రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏమిటో ఆమె పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ పేజీ చివర మందుల గురించి ఉన్నవి నాలుగే వాక్యాలు.

వారంలో నాన్నని గుంటూరు తీసుకుపోయింది. డాక్టరు సన్నటి సూది చేతి కండలోకి దించితే మెషీన్లోంచి చిటపటమని చప్పుడొచ్చింది.

"రేకుల మీద వాన పడ్డట్టుందే," అన్నాడు హనుమంతరావు.

చెయ్యి కదపకుండా పెట్టినప్పుడు ఆ చప్పుడు రాకూడదని తేజస్వికి తెలుసు. డాక్టరు ఆమెతో ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడాడు. హనుమంతరావు డాక్టరు వంక చూడలేదు, కూతురి మొహమే చూశాడు.

ఇంటికొచ్చే బస్సులో పిడుగురాళ్ళ దాటాక అడిగాడు. "అర్థమయ్యేట్టు చెప్పవే అమ్మాయ్. దాచబోకు."

చెప్పింది. కండ తనంతట తాను కదలదు, నరం కబురు తెస్తేనే కదులుతుంది. ఆ నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. కబురు రాని కండ ఎండిపోతుంది. చేతులయ్యాక కాళ్ళు, గొంతు, ఆఖరికి ఊపిరి తీసే కండలు.

ఆయన కుడిచేత్తో ఎడం చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అంటే కండది తప్పు కాదన్నమాట," అన్నాడు. "అది సరిగ్గా పనిచెయ్యటంలేదని రోజూ దాన్ని తిట్టుకున్నా. పిల్లల్ని కూడా అట్టానే తిట్టేవాణ్ణి. ఒళ్ళు వంచట్లేదే మీరు, అని."

అంతా అయ్యేసరికి ఇరవై రెండు నెలలు పట్టింది. సంక్రాంతికి విజిలు ఊదలేకపోయాడు. ఉగాదికి భార్య కోటేశ్వరమ్మే అన్నం ముద్ద ఆయన నోట్లో పెట్టాల్సొచ్చింది. మాట ముద్దగా వస్తున్న రోజుల్లోనే కూతురిచేత ఒక ఫారం తెప్పించి, భార్యని పిలిచాడు.

"నేను పోయాక నన్ను మెడికల్ కాలేజీకి ఇచ్చెయ్యండి. పిల్లలు చూసి నేర్చుకుంటారు."

"నిప్పు పెట్టకుండా ఎట్టా పంపిస్తానయ్యా నిన్ను?" కోటేశ్వరమ్మ ఫారం విసిరేసింది. "నేను ఒప్పుకోను. నా ముందు ఆ మాట ఎత్తబోకు."

ఆయన మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఎత్తుదామన్నా మాట రాలేదు.

కదలిక పోయింది గానీ స్పర్శ పోలేదు. ఆ నరాలు వేరు. దోమ చెంప మీద వాలితే తెలిసేది, తోలుకోలేడు. కళ్ళు అటూ ఇటూ కొట్టుకునేవి. ఆ సంగతి కోటేశ్వరమ్మకి కూతురు చెప్పిన రోజు ఆమె కుప్పకూలి ఏడ్చింది. "అన్నీ తెలుస్తయ్యా ఆయనకి? నేను మొద్దుని తిప్పినట్టు అటూ ఇటూ దొర్లిస్తున్నానే!" అప్పట్నుంచి పక్క మార్చే ముందు చెప్పేది. "ఇదిగో, భుజం కింద చెయ్యి పెడుతున్నా. చల్లగా ఉండిద్ది, ఏమనుకోబోకు." తేజస్వి పక్కన కూర్చుని అరచేతిలో వేలితో గీస్తూ ఉండేది. ఆయన కళ్ళు మూసి తెరిచేవాడు. అంటే ఇంకాసేపు అని.

శ్రావణ మాసంలో ఒక పొద్దున, కాఫీ చెంచాతో పోయబోతే ఊపిరి ఆడటంలేదు.

బంధువులు చేరారు. హనుమంతరావు తమ్ముడు పాడెకి వెదుళ్ళు తెప్పించాడు.  ఫారం సంగతి అమ్మని ఆ రోజు అడగకూడదనుకుంది తేజస్వి. కోటేశ్వరమ్మే లేచి బీరువా తెరిచి, మడతలుపడ్డ ఫారం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. అప్పటికే అమ్మ సంతకం ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆయనకి చెప్పిందో లేదో తేజస్వి అడగలేదు.

"వదినా, ఇదేం పని?" అన్నాడు మరిది.

"ఆయన అడిగింది ఇదొక్కటే అబ్బాయ్. ఇంకేం అడిగాడు నన్ను?"

గుంటూరులో కాలేజీ మెట్ల దగ్గర తెల్లకోట్ల పిల్లలు కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్ట్రెచరు లోపలికి తోస్తుంటే కోటేశ్వరమ్మ ఒక ఆడపిల్ల చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా ముట్టుకోండమ్మా. ముట్టుకుంటే తెలుస్తది ఆయనకి."

ఆ పిల్ల తేజస్వి వంక చూసింది. తేజస్వి తలదించుకుంది. తలుపు మూసుకుంది.

తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. ఇంటి ముందు కారు దిగి కోటేశ్వరమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. శ్మశానం నుంచి వస్తే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియటంలేదు.

"స్నానం చెయ్యాలా తేజా?" అని అడిగింది.

తేజస్వికీ తెలియదు. పెరట్లోకి పోయి బకెట్టు నింపుకొచ్చింది. అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి, కట్టుకున్న చీర మీదే, చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోసింది.