నిండుకాలువ, ఎండు శివారు

వర్షర్తువు వెడలి శరత్తు ప్రవేశించిన యొకానొక యపరాహ్ణమున గోదావరీజలపరిపూర్ణమగు ప్రధానకాలువ యిరుగట్లను ఒరయుచు మందగమనమున ప్రవహించుచుండెను. పొట్టకు వచ్చిన వరిచేలపై నీరెండ పరచుకొనియుండెను. ఊరెల్ల తృప్తిగా కునుకు తీయుచున్న యా వేళ కాలువగట్టునానుకొనియున్న డాబాయింటి నడవలో లాప్‌టాపు ముందు కూర్చుండిన శిరోమణి మాత్రము మాటిమాటికి గోడగడియారమును చూచుచుండెను.

ముప్పదిరెండేండ్ల ప్రాయమున ఇంటిచాకిరియంతయు ముగించుకొని మిగిలిన వేళలందు చదివి బి.ఇడి. ప్రవేశపరీక్షయందు మంచి ర్యాంకు సంపాదించిన యిల్లాలామె. కావలసిన కళాశాలల పేర్లను వెబ్‌సైటునందు నమోదు చేయుటకు నాటి సాయంకాలమైదు గంటలే తుదిగడువు. ధ్రువపత్రముల పరిశీలన ముందునాటికి గాని ముగియనందున నంతకుమున్ను వీలుపడలేదు. ఈ యేడొక్కటియే చూతము, పిదప చదువు మాట యెత్తరాదని భర్త ఖండితముగ పలికియుండెను. గంట నాలుగు దాటినది. తెరపై చిన్న చక్రము తిరుగుచున్నదే గాని పుట తెరచుకొనదు.

పాపమామె చేయని ప్రయత్నము లేదు. వైఫై పెట్టెను ఆర్పి వెలిగించెను. గూటినుండి దించి బల్లపై నుంచెను. తీగలు పెరికి మరల గ్రుచ్చెను. ఫోనుకు ఆ గట్టుపై మాటలకు చాలునంత సిగ్నలే గాని యింటర్నెట్టు ఏనాడును అందినది కాదు. తుదకు మేడపైకెక్కి కంపెనీవారికి ఫోను చేయగా నావలివాడు తాపీగా నిట్లనెను:

“మీ లైను ఫుల్ స్పీడులోనే ఉందండి. ఇంట్లో ఎవరో పెద్ద ఫైళ్లు డౌన్‌లోడు చేస్తున్నారు. లైనంతా అవే నింపేస్తే చిన్న పేజీలు వెనకాల క్యూలో నిలబడిపోతాయి. ఆపక్కర్లేదండి, ఆ డౌన్‌లోడు వేగం కాస్త తగ్గిస్తే చాలు.”

ఆ పెద్ద ఫైళ్లవారెవరో శిరోమణికి వేరుగ చెప్పనక్కరలేదు. మామగారగు భావన్నారాయణగారు ముప్పదియైదేండ్లు కాలువనీటిని తలుపులతో నదుపుచేయు లాకులకు సూపరింటెండెంటుగా నుండి యీ కాలువ నేలినవారు. ఎగువ రైతు తూము తలుపు జానెడెక్కువ యెత్తినచో నర్ధరాత్రమైనను పోయి దింపించి కాలువ చివరనున్న శివారు చేలకు తడి యందించిన ఖ్యాతి వారిది. ఉద్యోగము విరమణతో పోయినను వేసవికి కాలువ కట్టివేయులోపల చెరువులు నింపుకొనవలెనను నలవాటు మాత్రము పోలేదు. నెలకు కంపెనీవారిచ్చు డేటాలో మిగిలినది కడపటినాటితో చెల్లిపోవునని తెలిసిననాటినుండి ప్రతి నెలాఖరునను కూర్చుండి పురాణప్రవచనముల వీడియోలు వందలకొలది దించి దాచుకొనుచుందురు. వానిలో నొక్కటైనను తెరచి వినిన పాపమున పోలేదు. నాడు ముప్పదియొకటవ తేదీ.

శిరోమణి వారి గదిలోనికి పోయి జరిగినదంతయు విన్నవించెను. ఆయన తెరనుండి చూపు మరల్పలేదు.

“నెలాఖరు కదమ్మా. మిగిలిందంతా వదిలేస్తే సముద్రం పాలేగా. నీ పేజీ ఎంతుంటుంది, చిటికెడు. చిటికెడు నీళ్ల కోసం కాలువ కట్టెయ్యమంటావా?”

“కట్టెయ్యొద్దండి మామయ్యగారూ. తలుపు ఒక్క జానెడు దించండి. శివారు రైతుకి మీరు చేసిందే నాకూ చెయ్యండి. అయిదింటికి మూసేస్తారు.”

ఆ మాట వారికి తగులకపోలేదు. అయినను చేయి కదలలేదు. “తొంభైనాలుగు శాతం అయిందమ్మా. ఇదొక్కటీ దిగిపోనీ,” అనిరి. కంచె చేను మేసిన కాపాడువారెవ్వరు? మామగారి చేతినుండి మౌసు లాగుకొనుట యామె యెరుగని విద్య. గోడకానుకొని నిలువబడి యాకుపచ్చ గీత యంగుళమంగుళముగ ప్రాకుటను చూచుచుండెను. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చినది, దానిని దిగమ్రింగెను.

గీత నిండినది. భావన్నారాయణగారు కళ్లద్దములు సవరించుకొని కోడలు చూపిన చోట నొక్కి వేగమును సగమునకు దించిరి. శిరోమణి నడవలోనికి పరుగెత్తెను. చక్రము మాయమైనది. ఇంతసేపు రాని పుట రెప్పపాటున తెరచుకొనినది. దానిపై నొక్కటే వాక్యముండెను: గడువు ముగిసినది. గోడగడియారము ఐదు దాటి మూడు నిమిషములు చూపుచుండెను.

మామగారు గడపదాక వచ్చి యా వాక్యమును చదివిరి. “మళ్లీ ఏడాది రాయొచ్చులేమ్మా” అనుటకు నోరు తెరచి కొడుకు మాట జ్ఞప్తికి రాగా మూసికొనిరి.

అటుపిమ్మట వారు వేగమును మరల పెంచలేదు. నెలనెలా మిగిలిన డేటా సముద్రము పాలగుచున్నను నోరెత్తలేదు. ఇప్పుడా యింట నే పుటయైనను తాకినంతనే తెరచుకొనును. శిరోమణికి తెరువవలసిన పుట లేదు.