సాయం ఎవరి పేరున

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. ఇద్దరు పిల్లల్ని కుట్టుమిషను మీదే పెంచుకొస్తోంది. తండ్రి రాసిచ్చిన మూడెకరాలు ఊరవతల ఉన్నాయి. వాటిని చాలా ఏళ్లుగా ఒక కౌలు రైతు సాగు చేస్తున్నాడు. రక్తసంబంధం లేకపోయినా ఆమె అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చిన నర్సు ఫోను చూసుకుంటూ, రైతు సాయం అందుకున్నవాళ్ల పేర్లన్నీ సర్కారు ఇంటర్నెట్‌లో పెట్టేసిందని చెప్పింది. ఊళ్లోవాళ్ల పేర్లు చదువుతూ చదువుతూ ఆగింది.

"అక్కా, ఇది మీ పేరే కదూ? మీరు వ్యవసాయం కూడా చేస్తారా?"

పొలం ఉందిలే అని మిషనమ్మ మాట దాటేసింది. నర్సు వెళ్లాక ఒక జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టి, మళ్లీ విప్పుకుంది. ఆ డబ్బు ఆమె అడిగింది కాదు, దొంగిలించింది కాదు. పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోనే పడుతుంది. పిల్లల ఫీజులకు సరిపోయేది. కానీ నిరుడు వడగళ్లకు పంటంతా నేలపాలైనప్పుడు వచ్చిన నష్టపరిహారం కూడా తనకే పడింది. ఆ ఏడు బాబాయ్ అప్పు చేసి మరీ కౌలు కట్టాడు. తను తీసుకుంది.

ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఫోను మోగితే బాబాయేమోనని ఉలిక్కిపడేది. ఇంటి ముందు ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే తన గురించే అనిపించేది. చివరికి ఉండబట్టలేక, అతను వచ్చి అడిగేలోపే తనే చెప్పాలని బస్సెక్కింది.

బాబాయ్ మోటారు దగ్గర కూర్చుని పైపులో ఇరుక్కున్న చెత్త తీస్తున్నాడు. పిన్ని కంచె బిగిస్తోంది. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ కలగాపులగంగా బయటపడ్డాయి. అంతా విని అతను తలెత్తలేదు.

"తెలుసమ్మాయ్. వడగళ్లు పడ్డప్పుడే ఆఫీసుకెళ్లి కనుక్కున్నా."

"మరి నన్నెందుకు అడగలేదు బాబాయ్?"

అతను భార్య వంక చూశాడు. పిన్నే జవాబు చెప్పింది. "అడిగితే పొలం మాన్పించేస్తావని."

ఈ మనుషులు తనకు భయపడుతూ బతుకుతున్నారన్న ఊహే మిషనమ్మకు ఏనాడూ రాలేదు. నష్టపరిహారం తిరిగిచ్చేస్తానంది. అతను వద్దనలేదు.

"అదిస్తే ఆ అప్పు తీరుతుంది. మళ్లీ వానొచ్చి ముంచితే? కౌలు కాగితం రాసివ్వు. సాయం నేరుగా నాకే వస్తుంది."

ఇంటికొచ్చి అన్నయ్యకు ఫోను చేసింది. కాగితం రాస్తే పొలానికి నీళ్లొదులుకున్నట్టేనని, రేపు అతను నాదే అంటే కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందని ఆయన గట్టిగా మందలించాడు. బాబాయ్ అలాంటివాడు కాదు. కానీ అతని పిల్లలో?

అయినా కాగితం రాసివ్వడానికి బాబాయ్‌తో కలిసి వెళ్లింది. ఆఫీసులో వంతు కోసం కూర్చున్నంతసేపూ లేచి వెళ్లిపోదామా అని మనసు పీకుతూనే ఉంది. ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అని అధికారి అడిగాడు. బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఇష్టంగానే," అంది మిషనమ్మ, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా.

తర్వాతి పంటకు ఆ జాబితాలో బాబాయ్ పేరు వచ్చింది. ఫీజుల కోసం మిషనమ్మ ఆసుపత్రి దుప్పట్లకు అంచులు కుట్టే పని ఒప్పుకుంది. నడుము పట్టేస్తోంది. కౌలు మాట్లాడటానికి వచ్చిన బాబాయ్ ఎప్పటిలా గుమ్మం దగ్గర ఆగిపోకుండా లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి అంత ఇవ్వలేనని, చుట్టుపక్కల ఎవరూ అంత ఇవ్వట్లేదని తెగేసి చెప్పాడు. ఆమె కూడా తగ్గలేదు. మాటా మాటా పెరిగి, చివరికి బేరం ఇద్దరి మాటకీ మధ్యలో ఎక్కడో కుదిరింది.

అతను వెళ్లాక ఆమె కోపం చల్లారడానికి చాలాసేపు పట్టింది. నేను చెప్పలేదా అనే అన్నయ్యకు మాత్రం ఫోను చేయలేదు.