ఒక పక్క మాత్రమే

"ఇంకా ఉన్నాయే వెంట్రుకలు!" అన్నాడు భర్త, భోజనం డబ్బా మూత బిగిస్తున్న ఆమె గడ్డం కేసి చూస్తూ. బియ్యంలో రాళ్లు ఇంకా ఉన్నాయే అన్నట్టు అన్నాడు.

"ఉంటాయి. ఎడమ పక్క సూది పడలేదుగా," అందామె, డబ్బా అతని చేతికిచ్చి, రెండోది కూతురి సంచిలో సర్దుతూ.

"కుడి పక్కా ఉన్నాయి. నేనేం గుడ్డివాణ్ణా?"

గుడ్డివాడు కాదు. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో అందరి చూపూ బాగానే ఉంది, ముఖ్యంగా ఆమె ముఖం విషయంలో. పెళ్లయిన దగ్గర్నుంచి రోజూ అందరికంటే ముందు లేచి, స్నానాల గది కిటికీకి చిన్న అద్దం ఆనించి, ప్లక్కర్‌తో ఒక్కొక్క వెంట్రుకా పీక్కునేది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. ఇంటి పనుల్లో అదీ ఒకటని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒకసారి మాత్రం భర్త తన స్నేహితుల ముందు, "మా ఇంట్లో గడ్డం గీసుకునేవాళ్లం ఇద్దరం," అని జోకు వేశాడు. అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు తన మీద తనకి వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆమె ఉద్యోగం బట్టల మిల్లులో, పరీక్షల గదిలో. కొత్త రంగు వచ్చిందంటే గుడ్డని రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని ఉతికి, ఇంకోదాన్ని అలాగే ఉంచి, వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. ఉతకని ముక్క దగ్గర లేకుండా రంగు పోయింది, పోలేదు అని చెప్పేవాళ్ల మాట ఆమె నమ్మదు. మనిషి కన్ను తను చూడదలచుకున్నదే చూస్తుంది. కొనేవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఆమె పై అధికారి, "మీరు లోపలే ఉండండి, వాళ్లకి నేను చెప్తాలెండి," అనేవాడు. పరీక్ష ఆమెది, నోరు అతనిది. గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే అలవాటు వల్ల మిల్లులో సగం మంది ఆమెని గొప్ప ఆలోచనాపరురాలనుకునేవారు. సగం మంది అసలు సంగతి కనిపెట్టేశారు.

కరెంటు సూదితో వెంట్రుకలు శాశ్వతంగా తీసే ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె మొదట అడిగింది అదే. "ఒక పక్క మాత్రమే చెయ్యండి. రెండో పక్క ముట్టుకోకండి."

సూదావిడ కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. "సగం గడ్డానికి ఇంతవరకు ఎవరూ రాలేదండీ."

"పని చేస్తుందో లేదో తెలియాలి కదండీ."

"తెలియడానికి గుర్తులున్నాయి. మామూలుగా పీకితే కుదురు పట్టుకుని గుంజుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి. సూది సరిగ్గా పడిందంటే వెంట్రుక దానంతటదే జారొస్తుంది. కొన్నాళ్లకి మళ్లీ కనిపిస్తాయి, హడలిపోకండి. అవి పాతవి కావు, అడుగున నిద్రపోతున్నవి. వాటి వంతు వచ్చినప్పుడు వాటినీ చూద్దాం. మధ్యలో పీకారో, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కావాలంటే కత్తెరతో కత్తిరించుకోండి."

"కత్తిరిస్తే సన్నబడ్డాయో లేదో నాకెలా తెలుస్తుంది? అలాగే ఉంచుతాను."

ప్లక్కర్ చెత్తబుట్టలో పడింది. తెల్లారి కిటికీ దగ్గర ఖాళీగా నిలబడితే ఏం చెయ్యాలో మొదట తోచలేదు. తర్వాత తోచింది. మళ్లీ వెళ్లి పడుకుంది.

అత్తగారికి నిద్ర పట్టడం మానేసింది. "ఆడదానికి గడ్డం రావడం ఒక వింత. అందులో సగం ఉంచుకుని ఊరేగడం ఇంకో వింత! కోసిన మడి ఒకటి, కొయ్యని మడి ఒకటి. నలుగురిలో ఎలా తిరుగుతావే తల్లీ?"

"కాళ్లతోనే, అత్తయ్యా."

కూతురు ఫక్కున నవ్వింది. పద్నాలుగేళ్ల పిల్ల, అమ్మ ముఖాన్ని సైన్సు పాఠంలా చూస్తూ, వారం వారం "కుడి గెలుస్తోందమ్మా," "లేదు, ఈసారి ఎడమ," అని వ్యాఖ్యానం చెప్పేది. సూది పడ్డ చోట మొదట్లో ఎర్రగా కంది, చిన్న చిన్న పెచ్చులు కట్టాయి. తర్వాత అక్కడే కొత్తవి మొలిచాయి. భర్త చంకలు గుద్దుకున్నంత పని చేశాడు. చూశావా, ఎందుకూ పనికిరాలేదు అన్నాడు. ఆమె మాత్రం మిల్లులో ఎన్నో గుడ్డలు చూసింది. మొదటి ఉతుకులో రంగు కారినంత మాత్రాన ఆ గుడ్డ పనికిరాదని రాసేస్తే, ఆ రాత తప్పు.

భర్త ఆఫీసులో విందు వచ్చింది. "ఒక్క పూటకి పీకేసుకో. కొంప మునిగిపోదుగా," అన్నాడు.

"కొంప మునగదు. ఇన్నాళ్ల పరీక్ష మునుగుతుంది."

"నా పరువు?"

"మీ పరువు నా గడ్డానికి వేలాడుతోందా? ఆ ముక్క నాకిప్పటిదాకా తెలీదు సుమండీ."

వెళ్లింది. మంచి చీర కట్టుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నలుగురు చూశారు, ఇద్దరు మాట మధ్యలో ఆపేశారు. అతని పై అధికారి భార్య మాత్రం చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లి, మెడకి చుట్టుకున్న సిల్కు కండువా కాస్త జరిపి చూపించి, "నాకూ ఉన్నాయి. పని చేస్తోందా?" అని గుసగుసగా అడిగింది. "ఇంకా తేలలేదండీ. తేలగానే మొదట మీకే చెప్తాను," అందామె. ఇంటికి వచ్చేదాకా భర్త రెండడుగులు ముందే నడిచాడు. ఆమెకి మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

తేలింది. మొదట్లో గంట పట్టిన కుడి పక్క పని, ఇప్పుడు కుర్చీ వేడెక్కేలోగా అయిపోతోంది. వచ్చినవి కూడా పసిపిల్ల నూగులా సన్నగా వచ్చి, సూది తగలగానే జారిపోతున్నాయి. ఎడమ పక్క ఎప్పటిలాగే బిరుసుగా ఉంది. ఆదివారం పగటి వెలుతురులో వరండాలో కుర్చీ వేసుకుని, మిల్లులో చూసినట్టే ఇటూ అటూ తిప్పి చూసుకుంది. అనుమానానికి తావు లేదు. తను నమ్మింది నిజమైందని, ఎవరేమన్నా చెదరకుండా ఆఖరుదాకా నిలబడ్డానని ఆమెకి ఎంత సంతోషం వేసిందంటే, అత్తగారి చెయ్యి పట్టుకుని తన గడ్డం కుడి పక్కన పెట్టుకుంది.

"నున్నగా ఉందే!" అంది అత్తగారు, గిన్నె తోమింది నచ్చినప్పటి గొంతుతో.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాగా," అన్నాడు భర్త. ఏమన్నాడో అతనికే తెలియాలి. "సరే, పని చేస్తుందని తేలిపోయింది. ఆ ఎడమ పక్క కూడా కానిచ్చెయ్. అమ్మాయిని కూడా తీసుకెళ్లు. మూతి మీద అప్పుడే నల్లగా కనిపిస్తోంది."

చదువుకుంటున్న కూతురు పుస్తకాన్ని ముక్కుదాకా ఎత్తింది. ఎత్తింది మళ్లీ దించలేదు.

ఆమె ఆ పుస్తకం అట్ట కేసి చూసింది. నిన్నటిదాకా ఈ పిల్ల ముఖం పిల్లకి ముఖమే. అన్నం తినడానికి, అరవడానికి, నవ్వడానికి ఉన్న ముఖం. ఒక్క మాటతో అది తుడిచి శుభ్రం చెయ్యాల్సిన వస్తువైపోయింది. ఆ మాటకి దారి వేసింది తన పరీక్షే కదా. సూది పని చేస్తుందా అని ఇన్నాళ్లూ కళ్లల్లో వత్తులేసుకుని చూసింది. పని చెయ్యకపోతే నోరుమూసుకునేవాళ్లు, చేసింది కాబట్టి ఇప్పుడు వరసలో నిలబెడుతున్నారు. సూదిది తప్పు కాదు, పాపం అది చెప్పిన పని చేసింది. ఆ పని ఎందుకు చెప్పానని మాత్రం తనెప్పుడూ ఆగి ప్రశ్నించుకోలేదు.

"తేలింది సూది సంగతి," అంది భర్తతో. గొంతు పెంచలేదు. "దాని మూతి సంగతి మీరెత్తకండి. ఇంకోసారి ఎత్తితే నేనూరుకోను."

అతను ఆమె ముఖం చూసి, టీవీ గొంతు పెంచుకున్నాడు.

ఆమె వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. పుస్తకం వెనక నుంచే పిల్ల అడిగింది. "అమ్మా, నువ్వెందుకు తీయించుకుంటున్నావు?"

నాకు నచ్చక అనే జవాబు నాలుక మీద సిద్ధంగానే ఉంది. కానీ దాని వెనక టీ కప్పులూ, నవ్వులూ, లోపలే ఉండండి అన్న అధికారి గొంతూ కలిసిపోయి ఉన్నాయి. అందులో తనది ఎంతో, వాళ్లది ఎంతో విడదీయలేకపోయింది. పిల్లకి అబద్ధం చెప్పడానికి మనసు ఒప్పలేదు.

"తెలియదే. తెలుసుకుని చెప్తాను," అంది.

మర్నాడు మిల్లుకి వెళ్లే దారిలో సూదావిడకి ఫోన్ చేసింది.

"శుభమా అని పని చేసిందిగా! ఎడమ పక్క ఎప్పుడు మొదలుపెడదాం?" అంది సూదావిడ హుషారుగా.

"ఎందుకు తీయించుకుంటున్నానో మా అమ్మాయికి ఒక్క ముక్కలో చెప్పగలిగిన రోజున వస్తానండీ," అందామె.