ఊదారంగు వైరు

మా అమ్మాయి పోయాక దాని బల్ల మీద శబ్దాలు పుట్టించే సింథసైజర్ పెట్టె ఒకటి మిగిలింది. దానికి మీటలు లేవు, తెర లేదు. మొహం నిండా తిప్పే నాబ్‌లు, రంధ్రాలు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య రంగురంగుల వైర్లు. ఆ పెట్టె ఇంటికొచ్చి నెల తిరక్కుండానే మాయదారి జ్వరం పిల్లని ఎత్తుకుపోయింది.

"ఆ వైర్లలో మా పిల్ల కట్టిన పాట ఉంది" అని మా ఆయన పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. స్విచ్చి వేస్తే మాత్రం పెట్టె కిక్కురుమనలేదు.

మా పిల్ల స్నేహితురాలు రేడియోలో పనిచేస్తుంది, తన దగ్గరా అలాంటి పెట్టే ఉంది. "దీనికి జ్ఞాపకం ఉండదు ఆంటీ. వైరు పీకితే ఆ శబ్దం పోయినట్టే" అంది. ఇక అంతే, పెట్టె మీద గుడ్డ కప్పేశాను. ఆ స్నేహితురాలితో సహా ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఈ విద్యేదో నేనే నేర్చుకుని, నా కూతురి పాట నేనే పలికిస్తానన్నాను.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అన్నాడు మా ఆయన.

"మీరు మాత్రం వంగకండి, నడుం పట్టేస్తుంది" అన్నాను.

ఆదివారాలు ఆ స్నేహితురాలు తన పెట్టె తెచ్చి నేర్పేది. పెట్టెలో ఒక గదిలో శబ్దం పుడుతుంది, పక్క గది దాన్ని వడగడుతుంది, ఇంకో గది పెంచుతుంది, తగ్గిస్తుంది. శబ్దం బయటికొచ్చే రంధ్రం అవుట్, లోపలికెళ్ళేది ఇన్; ఒక గది అవుట్ నుంచి పక్క గది ఇన్‌లోకి వైరు వెయ్యాలి. మొదటి రోజు నేను అవుట్ నుంచి అవుట్‌కే వేసి, పెట్టె చెడిపోయిందని ఆ పిల్ల మీదే విరుచుకుపడ్డాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "మొదటి పాఠంలో అందరూ చేసేదే ఆంటీ!"

చలికాలానికి నాకు వాన చప్పుడు వచ్చింది, ఈల వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలుసు. అయినా వదల్లేదు.

ఇక చాలు, వచ్చేసింది అనిపించిన రోజు గుడ్డ తీశాను. మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, స్నేహితురాలు నా పక్కన నిలబడింది. ఒక్కో వైరూ వేళ్ళతో పట్టుకు చూస్తూ పోయాను. రెండింటికి ఒక చివర ఉత్తినే వేలాడుతోంది. ఊదారంగు వైరు శబ్దం పుట్టే గదిలోంచి బయల్దేరి, వడగట్టే గది అవుట్‌లో దూరింది. ఇన్ దాని పక్కనే ఖాళీగా ఉంది.

మళ్ళీ చూశాను. స్నేహితురాలు కూడా చూసి తల దించుకుంది.

"ఎలాంటి పాటే?" అన్నాడు మా ఆయన.

"పాట లేదండీ. మన పిల్ల ఇంకా మొదటి పాఠంలోనే ఉంది."

ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. "పోనీ అది సరిచెయ్యి. ఆ ఒక్క శబ్దమైనా విందాం."

చెయ్యి చాచాను. ఒక్క రంధ్రం పక్కకి జరపాలి, అంతే. నావల్ల కాలేదు.

"నేను జరిపితే అది నా చప్పుడవుతుంది, పిల్లది కాదు" అని బావురుమన్నాను. దాని పక్కన కూర్చుని నేర్పేంత వచ్చింది నాకిప్పుడు. నేర్చుకోవడానికి అది లేదు.