పొన్నమ్మాళ్ చీర

"పూజ కానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు మొగుడు రామ్‌కుమార్, ఇడ్లీ చట్నీలో అద్దుకుంటూ. అంతకుముందు కొబ్బరి లోడు పోనీ అన్నాడు. దానికి ముందు వానలు తగ్గనీ అన్నాడు. కళైవాణి రొమ్ములోని గడ్డకు మాత్రం ఎవరి సెలవూ అక్కర్లేదు, తన పాటికి తాను పెరుగుతూనే ఉంది.

ఊళ్లో క్యాంపుకొచ్చిన నర్సు తడిమి చూసి, వెంటనే కోయంబత్తూరు వెళ్లి స్కాన్ తీయించుకో అక్కా, ఆలస్యం చెయ్యొద్దు అని చెప్పింది. ఆ మాట ఇంట్లో చెప్పడానికి కళైవాణికి ముందు నోరు పెగల్లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా. తీరా చెప్తే మొగుడు తోటకు పోయాడు. అత్త గోవిందమ్మాళ్ నుదుట విభూతి పెట్టి, ఇంటి సామి చూసుకుంటుందిలే అంది. చూసుకోవాల్సిన మిగతావన్నీ కళైవాణివే మరి! కూలీలకు టీ కాచాలి, పగలగొట్టిన కొబ్బరిచిప్పలు ఎండలో పరవాలి, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తాలి, కూతురు బృందకు కాలేజీ క్యారియర్ కట్టాలి. చెయ్యెత్తినప్పుడల్లా చంకలో సలుపు, సలుపు వెంటే భయం. నేను పోతే ఈ పిల్ల గతేమిటి? దండం పెట్టుకుందామని కళ్లు మూసుకుంటే నర్సు ముఖమే కనబడేది. సామి ఉలకలేదు, పలకలేదు.

ఆ ఇంటి సామి గుళ్లో దేవుడు కాదు. పెళ్లి కాకుండానే పోయిన పిల్ల, మామగారి చెల్లెలు పొన్నమ్మాళ్. అటక మీది తాటాకు పెట్టెలో ఆమెకొక చీర ఉంటుంది. ఏటా పూజనాడు పాతది తీసి కొత్తది పెడతారు. పూజ కాకుండా ఆ చీర ముట్టుకుంటే కళ్లు పోతాయంటారు.

పూజ దగ్గర పడిందని కళైవాణి పెట్టె దించి దుమ్ము దులుపుతోంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో అడగని మాట అప్పుడు అడిగింది. "ఆయమ్మ ఎట్ల పోయింది, అత్తా?"

గోవిందమ్మాళ్ చేటలోని బియ్యం మీంచి తల ఎత్తలేదు. "కడుపునొప్పి. నేను పెండ్లయి వచ్చిన కొత్త. నా చెయ్యి పట్టుకొనే ఉన్నింది. మొగోళ్లు విత్తే పనిలో ఉన్నారు, అయినాక ఆస్పత్రికి పోదామనిరి. పావం, ఒక్క మాట అనలే. అంత ఓర్పు. దానికే సామి అయింది."

కళైవాణికి ఆ పొగడ్త ఎక్కడో విన్నట్టే ఉంది. మొన్ననే చుట్టాల ముందు రామ్‌కుమార్ తనను మెచ్చుకున్నాడు. మా కళై నోట్లో నాలుక లేనిది, సామి మాదిరి అన్నాడు. అందరూ తలలూపితే తనూ సిగ్గుపడి నవ్వింది, పిచ్చిది! ఇప్పుడు చూస్తే ఆ పెట్టెలో ఇంకో చీరకు చోటుంది.

పెట్టె తెరిచి చీర మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ సామి పలకలేదని ఏడ్చింది, పలకనివ్వకుండా వీళ్లు చంపిన పిల్ల ఎట్లా పలుకుతుంది? అయినా వేళ్ల మధ్య వేళ్లు బిగిసినట్టు అనిపించింది. భయంతో పట్టుకున్న చెయ్యే అది. అత్తను పట్టుకున్న ఆ చెయ్యే. తన భయం పోలేదు. కానీ అందులో తానొక్కతే లేదు, అదే ఆమెకు చాలు.

ఆ చీరే కట్టుకుని బయటికొచ్చింది. పూజ కాలేదు అనబోయిన గోవిందమ్మాళ్ ఆ మాట మింగేసి, గడపకు అడ్డంగా చాపుకున్న కాళ్లు ముడుచుకుంది.

పొల్లాచ్చిలో కోయంబత్తూరు బస్సెక్కింది. కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చుంది. బస్సు ఊరు దాటేసరికి ఫోన్ మోగింది. రామ్‌కుమార్ పేరు చూసి ఎత్తింది.

"యాడుండావు? కూలోళ్లకు టీ లేదు. ఎవుర్ని అడిగి పోయినావు?"

"ఇంటి సామిని."

అతని గొంతు తగ్గింది. "తోడు ఎవురుండారు?"

కళైవాణి కిటికీ పక్క ఖాళీ సీటు వైపు చూసింది.

"ఆయమ్మే. ఆస్పత్రికి పోవాలని శానా ఏండ్లుగా కాసుకొని ఉంది."