ప్రార్థన పెట్టెలో చీటీ

"రాసింది నువ్వే కామమ్మా. మా గోడ మీంచి తొంగి చూసేది నువ్వు గాక ఇంకెవురు?"

పేరమ్మ వేలెత్తి చూపింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ కామమ్మ వైపు తిరిగారు. ఆ చీటీ పాస్టరు సమాధానం గారి చేతిలో ఉంది. ప్రార్థన మనవులు వేసే పెట్టెలో దొరికింది, సంతకం లేదు. పొద్దున ఆరాధనలో అన్ని మనవుల్లాగే చదవడం మొదలుపెట్టి, సంగతి తెలిసేలోపు సగం చదివేశారు. 'స్త్రీల క్లాసు దారి తప్పుతోంది. ఆ బోధ విని దావీదు మూడు రోజులు భార్య నెత్తుటి గుడ్డలు ఉతికాడు.'

ఆ సగం చాలు. మధ్యాహ్నానికల్లా జువ్వలదిన్నె హార్బరులో దావీదు ముందు లుంగీలు విసిరి, "ఇవి కూడా ఉతికిపెట్టు సామీ" అని నవ్వారు. దావీదు పెళ్లాం పేరమ్మ, గర్భం పోయి నెల కూడా కాలేదు, ఆ నవ్వు విని ఏడుస్తూ క్లాసుకు వచ్చింది.

"ఇంత గొడవయ్యాక క్లాసు నడవదు అబిగయీలమ్మా," అన్నారు పాస్టరు నాతో. "వచ్చే ఆదివారం నుంచి సెక్రటరీ గారే చెప్తారు."

సెక్రటరీ గారు మా ఆయనే. పాస్టరు పక్కన కుర్చీలో, ఒళ్లో హాజరు పుస్తకం పెట్టుకుని ఉన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఈ క్లాసు నాది. పులుసు ఉడికేలోపు ఒక పేజీ, ఆయన చొక్కా ఇస్త్రీ చేశాక ఇంకో పేజీ, అలా రాసుకున్న పాఠాలు. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. "మగోళ్ల మాట యాడా ఎత్తలేదు గదా?" మా అత్త రెబెక్కమ్మ మంచం మీంచే అందించేది: "వాక్యం చెప్పే నోటితో మొగుడికి ఎదురు చెప్పమాక." క్లాసులో మాత్రం మాదొక పద్ధతి. నేర్చుకున్నది వారంలోపు ఇంట్లో చేసి చూడాలి, మళ్లీ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. అర్థం కావడం సగమే, బతకడం మిగతా సగం అని నేనే చెప్పేదాన్ని. ఈ నెల పాఠం ఒకరి బరువు ఒకరు మొయ్యడం. అందరూ ఏదో ఒకటి చేసి వచ్చారు. నేను ఒక్క వారం కూడా లేచి సాక్ష్యం చెప్పలేదు. టీచర్ని ఎవరూ అడగరు.

"బిడ్డల మీద ఒట్టు, నేను గాదు," అంటోంది కామమ్మ.

"రాస్తే రాసినావు. పాపం, ఒక్క పూట ఉతికినాడు. మూడు దినాలని అబద్ధమెందుకు?" అంది పేరమ్మ.

నా చేతిలో బైబిలు బరువెక్కింది. ఆ మూడు రోజులు నావి.

పేరమ్మ నాకొక్కదానికే చెప్పింది, ఒక్క పూట అని. ఎవరికీ చెప్పమాకక్కా అని చెయ్యి పట్టుకుంది. బుధవారం ఇంట్లో మా ఆయన తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేస్తుంటే నేనే నోరు జారాను. "దావీదు మూడు దినాలు గుడ్డలు ఉతికినాడు. మీరు కంచం తియ్యలేరా?" సిగ్గుపడతాడని ఒక్క పూటను మూడు రోజులు చేశాను. "క్లాసులో కూతలు ఇంటికి తేమాక," అని వెళ్లిపోయాడు. ఇంకెవరికీ ఆ లెక్క తెలియదు.

చెబితే పేరమ్మ మళ్లీ నా మొహం చూడకపోవచ్చు. చెప్పకపోతే కామమ్మ బతికినంతకాలం ఈ నింద మోస్తుంది. మా ఆయన తలెత్తలేదు. పెన్ను మూత పెడుతున్నాడు, తీస్తున్నాడు.

లేచాను.

"పేరమ్మా, నువ్వు దాచమన్న మాట నేను ఇంట్లో చెప్పినా. మూడు దినాలని పెంచింది కూడా నేనే."

పేరమ్మ నావైపు చూసిన చూపును నేను తప్పించుకోలేదు. "అయితే చీటీ నువ్వే రాసినావా అక్కా?"

"లేదు."

"మరి ఎవరమ్మా?" అన్నారు పాస్టరు.

మా ఆయన హాజరు పుస్తకం మూసి, నాకేసి చూసి, కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. పెళ్లయిన పదహారేళ్లలో ఆయన పేరు నలుగురిలో నేను పలికింది లేదు. మా ఆయన అనేదాన్ని, లేకపోతే సెక్రటరీ గారు.

"రూఫస్," అన్నాను. "రాసింది నా మొగుడు రూఫస్."